లోహమున వెలయు లోకనాథుడు: స్వామిమలై శిల్పశాలా సందర్శనము

బ్రహ్మోత్సవ సమయమున తిరుమల మాడవీథులలో నిలిచి, వాహనారూఢుడై వచ్చు స్వామిని దర్శించు భక్తుడు, ఆనందనిలయవాసుడు తనకొరకే వెలుపలికి విచ్చేసినాడని భావించి పులకించును. ఆ భావన యథార్థమైనదే. గర్భగృహమందలి మూలమూర్తి కదలడు. ఆయన యెదుటికి భక్తుడే నడచి పోవలెను. నడువలేని వృద్ధునకు, శయ్యనుండి లేవజాలని రోగికి, చంకనున్న పసివానికి సైతము దర్శన మొసగుటకై స్వామి స్వీకరించిన సులభరూపమే ఉత్సవమూర్తి. ఈ రూపము లోహముతో నిర్మింపబడినది. శిలయందు నిలిచినవాడు లోహమునందు నడచివచ్చుచున్నాడు.

అట్టి లోహమూర్తి యెట్లు రూపొందును? దాని నిర్మాణమున కెట్టి నియమములు కలవు? శిల్పి చేతినుండి వెలువడిన బింబ మెప్పుడు దైవమై పూజ లందుకొనును? ఈ ప్రశ్నలకు సమాధానము నెరుంగగోరువారు చోళదేశ దివ్యదేశయాత్రలో ఒక పూటను స్వామిమలై గ్రామమునకు కేటాయింపవలెను.

బేరపంచకము

శిల్పశాలకు పోవుటకు ముందు ఆగమము చెప్పు విషయమును కొంత తెలిసికొనుట మేలు. వైఖానసాగమము ననుసరించి ఆలయమునందు స్వామి అయిదు బేరములుగా ఆరాధింపబడును. అవి ధ్రువబేరము, కౌతుకబేరము, స్నపనబేరము, ఉత్సవబేరము, బలిబేరము. తిరుమలలో మూలవిరాట్టు ధ్రువబేరము. నిత్యార్చనల నందుకొను భోగశ్రీనివాసమూర్తి కౌతుకబేరము. ఇది వెండిమూర్తి. సామవై అను రాణి దీనిని సమర్పించినట్లు ఆలయశాసనము వలన తెలియుచున్నది. ఉగ్రశ్రీనివాసమూర్తి స్నపనబేరము. ఈ మూర్తి కైశికద్వాదశినాడు సూర్యోదయమునకు పూర్వమే వీథులలో విహరించి తిరిగి లోనికి వేంచేయును. శ్రీదేవీ భూదేవీ సమేతుడగు మలయప్పస్వామి ఉత్సవబేరము. ఈ మూర్తి ప్రసక్తి 1339వ సంవత్సరపు శాసనమున కానవచ్చుచున్నది. ప్రతిదినము కొలువుదీరి పంచాంగశ్రవణము గావించు కొలువు శ్రీనివాసమూర్తి బలిబేరము.

ఈ అయిదింటిలో మూలమూర్తి తప్ప మిగిలిన నాల్గును లోహమూర్తులే. అభిషేకమున కోర్చుటకు, భుజములపై మోయబడుటకు, శతాబ్దులపాటు నిలుచుటకు లోహమే అనువైనది. కనుకనే ఆలయమెంత పురాతనమో లోహశిల్పవిద్యయు నంత ఆవశ్యకమైనది.

కావేరీతీరమున

స్వామిమలై గ్రామము కుంభకోణమునకు పడమట, కావేరీనది ఒడ్డున కొలదిదూరములో కలదు. సుబ్రహ్మణ్యక్షేత్రముగా ఇది ప్రసిద్ధము. వైష్ణవయాత్రికులకు ఇది దారితప్పి పోవలసిన తావు కాదు. నూటయెనిమిది దివ్యదేశములలో చేరిన పుళ్ళభూతంగుడి, ఆదనూరు క్షేత్రములు ఈ గ్రామమునకు సమీపముననే యున్నవి. శార్ఙ్గపాణిని, ఒప్పిలియప్పనును సేవించి ఆ క్షేత్రములకు పోవు తెలుగు యాత్రికులు ఈ గ్రామము మీదుగా సాగిపోవుచుందురు. అయినను ఆ వీథులలో వినవచ్చు ఉలిచప్పుడు నాలకించి ఆగువారు కొందరే.

ఇచ్చటి స్థపతుల పూర్వులు చోళరాజుల ఆలయనిర్మాణములకై వచ్చినవారనియు, దారాసురములోని ఐరావతేశ్వరాలయ నిర్మాణానంతరము ఇచ్చట స్థిరపడిరనియు స్థానికసంప్రదాయము. తంజావూరు బృహదీశ్వరాలయ శాసనములలో అరువదికి పైగా లోహమూర్తుల ఎత్తు, బాహువులు, ఆయుధములు, పీఠముల వివరములు చెక్కబడియున్నవి. ఒక మూర్తిని సమర్పించినచో దాని కొలతలను గోడపై లిఖించి లోకమునకు తెలుపు శ్రద్ధ ఆ కాలమున నుండెడిది. స్వామిమలై కంచుమూర్తులకు 2008-09లో భౌగోళిక గుర్తింపు లభించినది. 2023లో ఢిల్లీలోని భారత మండపము నెదుట ప్రతిష్ఠింపబడిన 27 అడుగుల అష్టధాతు నటరాజమూర్తి ఈ గ్రామపు స్థపతులు ప్రాచీనవిధానమున పోతపోసినదే.

కొబ్బరియాకు కొలత

శిల్పశాలలో ప్రవేశించినవారికి మొదట ఆశ్చర్యము కలిగించునది కొలతబద్ద. స్థపతి ఒక కొబ్బరియాకును మూర్తి కుండవలసిన ఎత్తునకు సరిగా త్రుంచి, మడచి, ముఖమునకింత, కంఠమునకింత, వక్షమునకింత అని మడతలచేతనే భాగించును. శ్రీమహావిష్ణువు మూర్తికి ఉత్తమదశతాళము విహితము. అనగా మూర్తి మొత్తము ఎత్తును 124 అంగుళములుగా విభజింతురు. దేవేరులకు మధ్యమదశతాళము, అనగా 120 అంగుళములు.

ఇచ్చట అంగుళమనగా అంగడిలోని కొలత కాదు. ఇది ఆ మూర్తి దేహమునుండి పుట్టిన అంగుళము. జానెడు మూర్తికైనను, నిలువెత్తు మూర్తికైనను భాగములు 124 మాత్రమే. మూర్తి చిన్నదైనచో అంగుళము చిన్నదగును. ముఖమునకు దేహమునకు గల సంబంధము మారదు. ఇంటి పూజామందిరమందలి చిన్నమూర్తియందును, ఆలయమందలి పెద్దమూర్తియందును ఒకే స్వామి కనిపించుటకు ఇదియే కారణము.

మైనపు మూర్తి

తరువాతి కార్యము మైనముతో మూర్తిని చేయుట. తేనెమైనమును, గుగ్గిలమును, కొంచెము నూనెను కలిపి కాచి వడగట్టి ముద్దచేయుదురు. మైనము మార్దవము నిచ్చును. గుగ్గిలము గట్టితనము నిచ్చును. ఈ ముద్దతో శిరస్సు, మొండెము, చేతులు, పాదములు, పీఠము వేరువేరుగా తీర్చి, కాల్చిన ఇనుపకడ్డీ మొనతో అతుకుదురు. కిరీటములోని పూలు, వక్షమునందలి శ్రీవత్సము, యజ్ఞోపవీతపు పోగులు, కటివస్త్రపు ముడుతలు మైనమునందే స్పష్టముగా తీర్చవలెను. లోహమున తరువాత సరిచూచుకొందమను అలసత్వము పనికిరాదు. మైనమునం దేది యుండునో లోహమునం దదియే వచ్చును.

ఈ విధానమునకు మధూచ్ఛిష్టవిధానమని పేరు. మధూచ్ఛిష్టమనగా తేనె పిండగా మిగిలిన మైనము. మానసారమను శిల్పశాస్త్రగ్రంథమున దీనికొక అధ్యాయమే కలదు. 12వ శతాబ్దిలో పశ్చిమ చాళుక్యరాజగు మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసమున ఇది వివరముగా చెప్పబడినది. మైనపుమూర్తిని ముందుగా తూచవలెననియు, దానికి వెండి యైనచో పన్నెండింతలు, బంగార మైనచో పదునారింతలు లోహము తీసికొనవలెననియు అందు కలదు. మైనము ఇంచుమించు నీటియంత బరువు గలది. రాగి దానికి తొమ్మిదింతల బరువు గలది. మైన మాక్రమించిన చోటినంతయు లోహము నింపవలెను గనుక, తూకము తెలియనిచో పోత మధ్యలో లోహము చాలక మూర్తి అసంపూర్ణ మగును. పూర్వులు కంటితో చూచి, చేతితో తూచి తెలిసికొన్న లెక్క యిది.

మట్టి, నిప్పు, లోహము

మైనపుమూర్తిపై మట్టిపూతలు వేయుట ఈ విద్యలో కీలకమైన ఘట్టము. మొదటిపూతకు కావేరి ఒండ్రుమట్టిని కాల్చిన ఊకబొగ్గుతోడను, గోమయముతోడను మెత్తగా నూరి కలుపుదురు. వెన్నవంటి ఈ మట్టి మైనముపైనున్న అతిసూక్ష్మమైన గీతను కూడ పట్టుకొనును. రెండవపూతకు పొలపుమట్టి, ఇసుక. ఆపై బిరుసైన ఇసుకమట్టి. పెద్దమూర్తు లైనచో ఇనుపతీగెలతో కట్టుకట్టి మరల పూయుదురు. ప్రతిపూతయు నీడలోనే ఆరవలెను. ఎండలో పెట్టిన మట్టి బీటవారును, మైనము మెత్తబడి రూపము చెడును. వానకాలమున ఒక్కొక్క పూత ఆరుటకు రోజులు పట్టును. తొందర యున్నవాని కీ పని చేతకాదు.

లోహము లోనికి పోవుటకును, గాలి వెలుపలికి వచ్చుటకును మార్గములను ముందుగనే మైనపుకడ్డీలతో అమర్చి యుంతురు. పూతలన్నియు ఆరిన పిదప ఆ మూసను పిడకల నిప్పుపై వేడిచేయుదురు. మైనము కరిగి మార్గమున వెలువడును. లోపల శూన్యము మిగులును. ఆ శూన్యమునకు స్వామి ఆకారముండును.

ఒకవైపు కొలిమిలో లోహము కరుగుచుండును. రాగి ప్రధానభాగము. దానికి కొంత ఇత్తడి, సీసము చేర్తురు. వెండి బంగారములను మూర్తి చేయించుకొనువారి శక్తికొలది స్వల్పముగా కలుపుదురు. కొందరు గృహస్థులు స్వయముగా వచ్చి, ఒక చిన్న బంగారుతునుకను మూసలో వైచి నమస్కరింతురు. వేడెక్కిన మట్టిమూసను భూమిలో పాతి, నోరు పైకుండునట్లు నిలిపి, లోహమును సన్నని ధారగా తెంపులేకుండ పోయుదురు. ధార తెగినచో మూర్తియందు అతుకు కనిపించును. మూసలో తడి మిగిలినచో ఆవిరి పుట్టి మూస పగులును. కొన్ని నిమిషముల ఈ పనిలో వారముల శ్రమ నిలుచుటయో పోవుటయో తేలిపోవును. ఆ సమయమున శాలలో ఎవ్వరును మాటలాడరు.

పూజకు నిర్దేశింపబడిన మూర్తిని ఘనముగా, అనగా లోపల బోలు లేకుండ పోతపోయుట సంప్రదాయము. చల్లారిన పిదప మట్టిని పగులగొట్టుదురు. కనుక ఒక మూసనుండి ఒక్క మూర్తియే పుట్టును. మైనము కరిగిపోయినది. మట్టి పగిలిపోయినది. అదే మూర్తిని మరల చేయుట స్థపతికిని అసాధ్యము. ఒక్కొక్క ఉత్సవమూర్తి ముఖమున ఒక్కొక్క విధమైన మందహాసము గోచరించుటకు కారణ మిదియే.

అటుపిమ్మట ఉలులతోడను ఆకురాళ్ళతోడను వారములు, ఒక్కొక్కప్పుడు మాసములు చెక్కడపుపని సాగును. చింతపండుతోడను కుంకుడురసముతోడను తోమి మెరుగుపెట్టుదురు.

శాల వెలుపలి తోట

కొన్ని శాలల ముంగిళ్ళలో చెట్లక్రింద మూర్తులు నిలిపియుండును. కొన్నింటికి చెక్కడ మింకను పూర్తికాలేదు. కొన్నింటికి చేతులపై పోతమార్గపు కడ్డీ లింకను తొలగింపలేదు. ఒకచో వేణుగోపాలుడు, ఒకచో నర్తనకృష్ణుడు, మరియొకచో నటరాజు, వేరొకచో దీపలక్ష్మి. ఈ తోటలో నడచు భక్తునకు ఒక సందేహము కలుగును. ఈ మూర్తులకు నమస్కరింపవచ్చునా? ఎండలో నిలిచిన ఈ గోవిందునిపై కాకి వ్రాలినచో అపచారమా?

శాస్త్ర మిందుకు స్పష్టమైన సమాధానము చెప్పుచున్నది. ఇవి యింకను శిల్పములే. ప్రతిష్ఠావిధిలో మూర్తికి జలాధివాసము, శయనాధివాసము మున్నగునవి జరిపి, నేత్రోన్మీలనము గావించి, కుంభమునందలి దైవశక్తి నావాహనము చేసిన పిదపనే ఆ బింబము అర్చావతార మగును. నేత్రోన్మీలనమునకు బంగారుశలాకను వాడుదురు. అంతవరకు కన్నులు తెరువని ఆ రూపము స్థపతి బిడ్డ వంటిది. కన్నులు తెరచిన పిదప స్థపతియు దానియెదుట చేతులు జోడించి నిలిచి, భక్తులలో నొక్కడుగా వెనుకకు తొలగవలెను. తాను చేసినదానికి తానే నమస్కరించుట వానికి కీర్తి. అది నాది యని చెప్పకుండుట వాని ధర్మము.

తిరుమల ఆలయప్రవేశమునం దున్న శ్రీకృష్ణదేవరాయల రాగివిగ్రహము ఈ భేదమును మరియొక విధముగా బోధించును. తిరుమలదేవీ చిన్నాదేవులతో కూడి అంజలిబద్ధుడై రాయలు 1517 నుండి అచ్చట నిలిచియున్నాడు. లోహము చిరకాలము నిలుచునదియే. రూపము రాజరూపమే. కాని ఎవ్వరును హారతి ఈయరు. లోహము దైవము గాదు, రూపమును దైవము గాదు. స్వామి దయచేసి అందు నిలుచుటయే దైవత్వమునకు హేతువు.

నమ్పెరుమాళ్ వృత్తాంతము

ఈ సత్యమును శ్రీరంగక్షేత్ర చరిత్రమువలె గాఢముగా తెలుపునది మరియొకటి లేదు. 1323 ప్రాంతమున ఢిల్లీసేనలు శ్రీరంగముపై దాడి వెడలినపుడు, మూలమూర్తికి అడ్డుగోడ కట్టి, ఉత్సవమూర్తిని పిళ్ళై లోకాచార్యులు శిష్యులతో కలిసి రహస్యముగా తరలించిరి. వృద్ధులగు ఆ ఆచార్యులు మధుర సమీపమందలి జ్యోతిష్కుడిలో పరమపదించిరి. మూర్తి కేరళ, కర్ణాటక దేశములమీదుగా సాగి తుదకు తిరుమల కొండ చేరినది. తిరుమలలోని రంగనాయకులమండపము ఆ నివాసమునకు నేటికిని జ్ఞాపకచిహ్నము. విజయనగరసేనాని గోపనార్యుడు 1371లో స్వామిని సెంజిమీదుగా శ్రీరంగమునకు మరల వేంచేపు చేయించెను. రమారమి అర్ధశతాబ్ది గడచినది.

ఈలోపల శ్రీరంగమున వేరొక ఉత్సవమూర్తి నిర్మింపబడి పూజలందుకొనుచుండెను. ఇప్పుడు మూర్తులు రెండు. పూర్వమూర్తి యేది? చూచి చెప్పగలవారు బ్రతికిలేరు. సంప్రదాయము చెప్పునదేమనగా, కన్నులు కానరాని ఒక వృద్ధరజకుడు పూర్వము స్వామివస్త్రములను ఉతికినవాడు మిగిలియుండెను. రెండుమూర్తులకు తిరుమంజనము చేసి తడివస్త్రముల తీర్థమును వానికి ఒసగగా, ఒకదానిని రుచిచూచి, ఈతడే నమ్పెరుమాళ్, అనగా మన పెరుమాళ్ళని పలికెనట. నాటినుండి ఆ పేరే స్వామికి స్థిరపడినది. రెండవమూర్తిని త్యజింపక ఆలయమునందే ఆరాధించుచున్నారు.

ఈ కథయందు స్థపతి లేడు, కొలత లేదు, తూకము లేదు. రెండుమూర్తులును శాస్త్రోక్తములే యైయుండును. కాని తరతరముల కైంకర్యముచే పరిచితుడైన స్వామిని గుర్తించినది చూపు గాదు, సేవ. స్థపతి రూపము నీయగలడు. ఆచార్యుడు ప్రతిష్ఠ చేయగలడు. మన స్వామి యను సంబంధమును నిత్యసేవయే కలిగింపవలెను.

గృహస్థులకు కర్తవ్యము

స్వామిమలైకి పోవు గృహస్థులు తరచుగా ఇంటిపూజకు ఒక మూర్తిని కొనితెచ్చుకొందురు. వారు కొన్ని విషయములను గమనింపవలెను. గృహమున పూజింపబడు ప్రతిమ బొటనవ్రేలి కణుపు మొదలు జానెడువరకు మాత్రమే యుండవలెనని మత్స్యపురాణము చెప్పుచున్నది. నిత్యము నైవేద్యము, అభిషేకము జరుపగల శక్తిని తలచుకొని పరిమాణమును నిశ్చయింపవలెను. అంతకు మించిన మూర్తి ముంగిటి అలంకారమగునే గాని ఆరాధ్యము గాదు. తమ ఆచార్యులవలన లేక అర్చకులవలన విధిని తెలిసికొని మూర్తిని స్వీకరింపవలెను.

మరియొక విషయము ముఖ్యతరమైనది. ప్రాచీనమూర్తి, తవ్వకములలో దొరికినది, తక్కువవెలకు లభించునని యెవరైనను చెప్పినచో అట్టిదానిని తాకరాదు. నూరేండ్లు మించిన మూర్తులు 1972 నాటి పురావస్తుచట్టము పరిధిలోనికి వచ్చును. చట్టము మాట యటుండగా, అట్టి మూర్తివెనుక ఎచ్చటనో ఒక శూన్యపీఠ ముండును. తమిళనాడులోని ఆనందమంగళము రాజగోపాలస్వామి ఆలయమునుండి 1978లో సీతారామలక్ష్మణుల లోహమూర్తులు అపహరింపబడినవి. ఆ గ్రామస్థులు నాలుగు దశాబ్దులు తమ రామునకై నిరీక్షించిరి. 1958లో పుదుచ్చేరి ఫ్రెంచిసంస్థవారు తీసిన ఛాయాచిత్రములతో పోల్చి చూడగా ఆ మూర్తులు గుర్తింపబడి, 2020లో ఇంగ్లండునుండి స్వగ్రామమునకు మరలివచ్చినవి. కనుక ప్రతి ఆలయమునందును మూర్తుల చిత్రములను, కొలతలను భద్రపరచుట కైంకర్యములో భాగముగనే భావింపవలెను. బృహదీశ్వరాలయపు గోడలపై కొలతలు చెక్కించినవారు ఈ మార్గమును వేయేండ్లనాడే చూపిరి.

స్వామిమలైనుండి తిరిగి వచ్చు యాత్రికుని చెవులలో ఉలిధ్వని చిరకాలము నిలుచును. మరుసటి బ్రహ్మోత్సవమున మలయప్పస్వామి యెదుట నిలిచినపుడు ఆ కిరీటమును, ఆ కటిహస్తమును, ఆ మందహాసమును అతడు క్రొత్తకన్నులతో చూచును. ఏనాడో ఒక స్థపతి వ్రేళ్ళనడుమ మైనముగా నున్న రూప మది. ఆ మైనము తన్ను తాను కరగించుకొని స్వామికి చోటిచ్చినది. అహంకారమను మైనము కరిగిన హృదయమునందు స్వామి తానుగా వచ్చి నిండునని ఆ శాల బోధించు పాఠము. హారతి వెలుగులో ఆ పాఠమును తలచుకొని నమస్కరించు భక్తునకు శిల్పశాలాసందర్శనమును ఒక తీర్థసేవయే యగును.